దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకుందాం



దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని మన పెద్దలు అంటుంటారు. దీపం ఆరిపోయాక సర్దుకోబోతే ఏమవుతుందో నేను మా వార్డులో కళ్లారా చూశాను. ఆ సంగతి చెప్పడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2014 అక్టోబరు 12, ఆదివారం నాడు హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు సుమారు 180 కిలోమీటర్ల వేగంతో గాలి వీచింది. కరెంటు స్తంభాలు వేల సంఖ్యలో నేలకొరిగాయి. సెల్‌ఫోన్లు మూగబోయాయి. పెట్రోలు బంకుల ముందు జనం బారులు తీరారు. నగరంలోనే చాలా వీధులకు కరెంటు రావడానికి రోజులు పట్టింది. పల్లెలకు ఇంకా ఆలస్యమైంది.

రేకులు ఎగిరివచ్చి తగిలినవారు, చెట్టుకొమ్మ విరిగి మీద పడినవారు మొదటి రోజుల్లోనే ఆసుపత్రికి వచ్చారు. అలాంటివారి కోసం మేము సిద్ధంగానే ఉన్నాము. నాలుగో రోజున ఒక పెద్దావిడను కొడుకు ఆటోలో తీసుకొచ్చాడు. మనిషి మగతలో ఉంది. నాలుక పిడచకట్టుకుపోయింది. షుగరు చూసే మిషను అంకె చూపించకుండా "హై" అని మాత్రమే చూపించింది. ఏళ్ల తరబడి రోజుకు రెండుసార్లు ఇన్సులిన్ వేసుకునే మనిషి ఆమె. రెండు రోజుల తర్వాత కాస్త తేరుకున్నాక, "ఇంజక్షన్ ఎందుకు మానేశారమ్మా?" అని అడిగాను.

"ఫ్రిజ్‌లోనే పెట్టాలని మీరే చెప్పారు కదా సిస్టరమ్మా! కరెంటు పోయి ఫ్రిజ్ ఆగిపోయింది. మందు చెడిపోయి ఉంటుందని పారేశాను" అంది.

ఆ మందు చెడిపోలేదు. ఆమె పారేసిన సీసా ఇంకా రెండు మూడు వారాలు పనిచేసేదే. ఫ్రిజ్‌లో పెట్టమని చెప్పిన మేము, ఫ్రిజ్ ఆగిపోతే ఏం చెయ్యాలో చెప్పలేదు. ఆమె మా మాట తు.చ. తప్పకుండా పాటించింది. తప్పు మాది. తుపాను నుంచి క్షేమంగా బయటపడిన మనిషి, మేము చెప్పకుండా వదిలేసిన ఒక్క మాట వల్ల చావు అంచుల దాకా వెళ్లి వచ్చింది.

అప్పటి నుంచి నా అభిప్రాయం ఒకటే. కరెంటు పోయే రోజుకు సిద్ధపడడమంటే ఇన్వర్టరు కొనుక్కోవడమేనని మనలో చాలామంది అనుకుంటున్నారు. అది చాలదు. ఇంట్లో ఎవరి ఆరోగ్యం కరెంటు మీద ఆధారపడి ఉందో, కరెంటు లేని నాడు ఆ మనిషిని ఎలా కాపాడుకోవాలో, వెలుతురు ఉన్నప్పుడే తీరికగా కూర్చుని ఒక కాగితం మీద రాసుకోవాలి. దానికి పెద్ద ఖర్చేమీ లేదు. ఖర్చు లేని పని కాబట్టే వాయిదా వేస్తున్నామేమో!

కోతలున్న రోజుల్లో

2012, 2013 సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కరెంటు కోతలు ఎలా ఉండేవో మీకు గుర్తుండే ఉంటుంది. 2013 అక్టోబరులో విద్యుత్ ఉద్యోగుల సమ్మె జరిగినప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు గంటల తరబడి చీకట్లో మగ్గాయి. ఆ బాధలు మళ్లీ రావాలని ఎవరూ కోరుకోరు. కాని ఆ రోజుల్లో ప్రతి ఇల్లాలికీ ఒక లెక్క ఉండేది. కరెంటు పోయే వేళకు ముందే బిందెలు నింపుకొనేది, పిండి రుబ్బుకొనేది, లాంతరు చిమ్నీ తుడిచి పెట్టుకొనేది. మంచినీళ్ల కుండ, విసనకర్ర ఎప్పుడూ చేతికి అందే చోటే ఉండేవి.

ఇప్పుడు సరఫరా చాలా మెరుగుపడింది, దేవునికి స్తోత్రం. దానితోపాటు మన అలవాట్లూ మారిపోయాయి. నూతిలో చేద వేసే పని పోయి, బోరు మోటారు వచ్చింది. లాంతరు అటకెక్కింది. వంటకు ఇండక్షన్ పొయ్యి, నీళ్లకు ఫిల్టరు మిషను, ఫోన్ నంబర్లకు సెల్‌ఫోను. అన్నీ కరెంటుతోనే నడుస్తున్నాయి. కరెంటు పోవడం తగ్గినకొద్దీ, అది పోయిన రోజున మన అవస్థ పెరిగింది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని ఊడ్చిపెట్టింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ చుట్టుపక్కల వేలాది కుటుంబాలు మేడల మీద, చీకట్లో రోజులు గడిపాయి. అక్కడ పెనుగాలి లేదు, నీళ్లే. కాబట్టి మాది సముద్రతీరం కాదు, మాకేమిటని ఎవరూ అనుకోవద్దు.

ఎవరికి ఏం కావాలి?

ఇన్సులిన్ వాడేవారితో మొదలుపెడతాను. తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలన్నది నిజమే. కాని చాలా రకాల ఇన్సులిన్ గది వాతావరణంలో, అంటే 25 నుంచి 30 డిగ్రీల లోపు, సుమారు 4 వారాలు పనిచేస్తుంది. కచ్చితంగా ఎన్ని రోజులో సీసాతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ఫ్రిజ్ ఆగిపోయిన రోజును సీసా మీద రాసి పెట్టుకోండి. ఎండాకాలమైతే ఒక పెద్ద కుండలో ఇసుక పోసి తడిపి, అందులో చిన్న కుండ నిలబెట్టండి. గట్టి మూత ఉన్న డబ్బాలో సీసా ఉంచి ఆ చిన్న కుండలో పెట్టి, పైన తడిగుడ్డ కప్పండి. నీడలో, గాలి తగిలేచోట ఉంచితే చల్లగా ఉంటుంది. ఐసుగడ్డకు ఆనించి మాత్రం పెట్టవద్దు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. నీళ్లలా తేటగా ఉండే రకం మబ్బుగా మారినా, పాలలా ఉండే రకం మెల్లగా దొర్లించి కలిపినా గడ్డలుగానే ఉన్నా వాడకండి. ఫ్రిజ్ ఆగిందన్న భయంతో ఇంజక్షన్ మానేయవద్దు. ముఖ్యంగా చిన్నతనంలోనే షుగరు వచ్చిన పిల్లలకు ఒక్క రోజు మానినా ప్రాణాపాయం. తిండి సరిగా తినలేని రోజున ఎంత మోతాదు వేసుకోవాలో డాక్టరుగారిని ముందే అడిగి రాయించుకోండి.

రెండోది ఆక్సిజన్ మిషను. కోవిడ్ తర్వాత ఊపిరితిత్తుల జబ్బున్నవారి ఇళ్లలో ఇవి కనిపిస్తున్నాయి. ఇక్కడ ఒక చిన్న లెక్క వెయ్యాలి. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే మిషనుకు సుమారు 350 వాట్లు కావాలి. మామూలుగా మన ఇళ్లలో ఉండే 12 వోల్టుల, 150 ఏహెచ్ బ్యాటరీ కొత్తదైనా, ఫ్యాన్లు, టీవీ అన్నీ ఆపేసినా, దాని మీద ఈ మిషను మూడు నాలుగు గంటలకు మించి నడవదు. బ్యాటరీ పాతదైతే ఇంకా తక్కువ. అంటే రాత్రి 9 గంటలకు కరెంటు పోతే ఒంటిగంటకు మిషను ఆగిపోతుంది. అందుకే అలాంటి ఇంట్లో ఒక సిలిండరు నిండుగా ఉండాలి. బి టైపు సిలిండరులో సుమారు 1,500 లీటర్ల ఆక్సిజన్ ఉంటుంది. నిమిషానికి 2 లీటర్ల చొప్పున అది 12 గంటలు వస్తుంది. ఈ 12 గంటలు రోగిని ఆసుపత్రికి చేర్చడానికి దొరికిన గడువని గుర్తుంచుకోవాలి. మీ మిషను మీ ఇన్వర్టరు మీద నడుస్తుందో లేదో, సిలిండరు రెగ్యులేటరు బిగించడం ఇంట్లో ఎవరికి వచ్చో ఈ వారమే పరీక్షించి చూసుకోండి. ఇంకో మాట: కరెంటు పోగానే మన చెయ్యి కొవ్వొత్తి కోసం వెతుకుతుంది. ఆక్సిజన్ పెట్టుకున్న మనిషి గదిలో అగ్గిపుల్ల గీయడం ప్రాణాంతకం. ఆ గదిలో టార్చిలైటే వాడాలి.

ఆస్తమా ఉన్నవారు నెబ్యులైజరు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. చేత్తో నొక్కే ఇన్హేలరుకు, దానికి తగిలించే స్పేసరుకు కరెంటుతో పనిలేదు. సరిగా పీల్చితే చాలామందికి నెబ్యులైజరంత బాగానే పనిచేస్తుంది. ఎలా పీల్చాలో ఓపీకి వచ్చినప్పుడు అడగండి, నేర్పిస్తాము.

డయాలసిస్ మీద ఉన్నవారు తుపాను హెచ్చరిక వినగానే సెంటరుకు ఫోను చేసి, తమ వంతు ముందుకు జరపడానికి వీలవుతుందేమో అడగాలి. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం మీదే తిత్లీ వచ్చి పడిందని మరచిపోకూడదు. అలాంటి సమయంలో కొబ్బరి బోండాలు రాలి కుప్పలుగా పడి ఉంటాయి. మంచినీళ్లు దొరకవు, బోండాలు ఊరికే దొరుకుతాయి. కాని కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ ఆలస్యమైన మనిషికి అది గుండెను ఆపగలదు. అరటిపండ్లూ అంతే. నీళ్లు, ఉప్పు డాక్టరు చెప్పిన కొలత దాటకూడదు.

బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు తల్లి రొమ్మే వెచ్చని మంచం. బిడ్డను నేరుగా తల్లి ఒంటికి ఆనించి పైన గుడ్డ కప్పితే చాలు. తల్లిపాలకు ఫ్రిజ్ అక్కరలేదు, పొయ్యి అక్కరలేదు. పోతపాలకు మాత్రం శుభ్రమైన నీళ్లు, మరిగించిన సీసా కావాలి, కరెంటు లేని రోజున ఆ రెండూ కష్టమే. మంచంలో ఉన్న వృద్ధులను ఎండాకాలంలో ఫ్యాను ఆగిన గదిలో ఒంటరిగా వదలవద్దు. తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, విసురుతూ, కొంచెం కొంచెంగా నీళ్లు పట్టించాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వడదెబ్బ అని గ్రహించి 108కి ఫోను చెయ్యాలి.

ఇంటిల్లిపాదికీ

రోగులు లేని ఇళ్లకు కూడా కొన్ని ముఖ్యమైన విషయాలున్నాయి. మోటారు ఆగితే ట్యాంకు ఒక్క పూటకే ఖాళీ అవుతుంది. గాలివాన హెచ్చరిక రాగానే తాగే నీళ్లు వేరుగా, వాడుక నీళ్లు వేరుగా మూతలున్న బిందెల్లో పట్టి ఉంచుకోండి. ఫిల్టరు మిషను పనిచెయ్యనప్పుడు నీళ్లు తెర్లనిచ్చి చల్లార్చి తాగండి. వరద తర్వాత వచ్చే విరేచనాలకు ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు ఇంట్లో ఉండాలి. అవి లేకపోతే ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 6 చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలకొట్టి కొలవాలి. ఉప్పు ఎక్కువైతే బిడ్డకు హాని.

తలుపు తియ్యకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు 4 గంటలు చల్లగా ఉంటుంది. ఆ తర్వాత అందులోని మాంసం, చేపలు, వండిన కూరలు నమ్మవద్దు. అన్నం వృథా అవుతుందని మన అమ్మలు మళ్లీ వేడిచేసి పెడతారు. నిలవ అన్నంలో పెరిగే ఒక రకం క్రిమి వదిలే విషం వేడిచేసినా పోదు. కరెంటు లేని రోజుల్లో ఏ పూటకు ఆ పూట కొంచెంగా వండుకోవడం మేలు. ఇండక్షన్ పొయ్యి మీద మాత్రమే వండుకునేవారు గ్యాసు సిలిండరు వదులుకోవద్దు. అగ్గిపెట్టె తడవకుండా డబ్బాలో పెట్టండి.

కొవ్వొత్తులు, కిరోసిన్ దీపాలు వాడవలసివస్తే దోమతెరకు, కిటికీ తెరకు, చీర కొంగుకు దూరంగా, నీళ్లు పోసిన పళ్లెంలో నిలబెట్టండి. వెలుగుతున్న దీపం దగ్గర పిల్లలను వదిలి నిద్రపోవద్దు. ఒళ్లు కాలితే 20 నిమిషాలు చల్లని నీళ్ల ధార కింద పెట్టండి. పేస్టు, సిరా, నెయ్యి పూయవద్దు. పూసి తెచ్చిన గాయాన్ని శుభ్రం చెయ్యడానికి మేము, రోగి ఇద్దరమూ ఏడ్వవలసి వస్తుంది. జనరేటరును ఇంటి లోపల, వరండాలో, కిటికీ పక్కన ఎన్నడూ పెట్టవద్దు. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. తెగిపడిన తీగను ముట్టుకోకుండా, ఎవరినీ ముట్టుకోనివ్వకుండా 1912కు చెప్పండి.

ఫోను నంబర్లు కాగితం మీద కూడా ఉండాలి. సెల్‌ఫోనులో చార్జింగు అయిపోయిన రాత్రి సొంత కొడుకు నంబరు కూడా గుర్తురాని తల్లిదండ్రులు ఎంతమందో!

విశ్వాసం ఉంటే చాలదా?

ఈ మాటలు ఒక గృహకూడికలో చెప్పినప్పుడు ఒక పెద్దాయన, "రేపటి గురించి ఇంత చింత ఎందుకమ్మా, దేవుడు చూసుకుంటాడు కదా" అన్నారు. ఆయన విశ్వాసాన్ని నేను గౌరవిస్తాను. కాని చింత వేరు, సిద్ధపాటు వేరు. ఐగుప్తులో యోసేపు సమృద్ధిగా పండిన ఏడేళ్లూ ధాన్యం కొట్లలో నింపాడు. అది అవిశ్వాసమని ఎవరమూ అనము. ఆ ధాన్యమే కరవులో ఐగుప్తును, తన అన్నదమ్ములను బ్రతికించింది.

పదిమంది కన్యకల ఉపమానం మీద మనం ఎన్నో ప్రసంగాలు విన్నాము. అర్ధరాత్రి వేళ నూనె అప్పు దొరకలేదు. అది ఆత్మీయమైన పాఠమే, కాదనను. కాని మన ఇళ్లకు కూడా అందులో పాఠం ఉంది. కొన్ని వస్తువులు అర్ధరాత్రి అప్పు దొరకవు. నిండు సిలిండరు దొరకదు, ఇన్సులిన్ దొరకదు, రెగ్యులేటరు తిప్పడం తెలిసిన చెయ్యి దొరకదు.

సంఘం చేయవలసినది

అయితే ఈ భారమంతా ఒక్కొక్క ఇంటి మీదే వెయ్యడం న్యాయం కాదని నా అభిప్రాయం. రెక్కాడితే గాని డొక్కాడని కుటుంబం రెండో సిలిండరు ఎక్కడి నుంచి తెస్తుంది? ఒంటరిగా ఉన్న విధవరాలికి మేడ మీద ట్యాంకు నుంచి బిందెలతో నీళ్లు ఎవరు మోస్తారు? పిల్లలు హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉంటే, ఫోను మోగని ఇంట్లో అమ్మా నాన్నా ఎలా ఉన్నారో ఎవరు వెళ్లి చూస్తారు?

చాలా సంఘాల్లో జనరేటరు ఉంది. మైకు కోసం, లైట్ల కోసం, కీబోర్డు కోసం కొన్నాము. ఆరాధన ఆగకూడదన్న ఆశ మంచిదే. కాని ఊరంతా చీకట్లో ఉన్న రాత్రి ఆ జనరేటరుకు తాళం వేసి ఉంటే అది ఎవరికి సాక్ష్యం? అలాంటి రాత్రి గుడి తలుపులు తెరిచి, ఒక బల్ల మీద నెబ్యులైజరుకు, ఆక్సిజన్ మిషనుకు, సెల్‌ఫోన్లకు ప్లగ్గులు ఏర్పాటు చేస్తే, సంఘస్థులకే కాదు, ఏ మతం వారికైనా తెరిచి ఉంచితే, అంతకన్నా మంచి ప్రసంగం ఏముంది?

పాస్టరుగార్లకు, సంఘ పెద్దలకు నా మనవి ఒకటి. తుపానులు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్, మే నెలల్లోనూ, అక్టోబరు నుంచి డిసెంబరు వరకూ. ఆ రెండు కాలాలకు ముందు ఒక పట్టిక తయారుచేయండి. ఆక్సిజన్ మిషను ఉన్న ఇల్లు, ఇన్సులిన్ వాడే ఇల్లు, డయాలసిస్ రోగి ఉన్న ఇల్లు, నెలలు నిండిన గర్భిణి ఉన్న ఇల్లు, మంచంలో ఉన్న పెద్దవారి ఇల్లు. వారి అనుమతి అడిగి మాత్రమే రాయండి, ఎందుకంటే జబ్బు సంగతి ఆ ఇంటివారి సొంత విషయం. ఒక్కొక్క ఇంటికి ఇద్దరేసి యవ్వనస్థులను అప్పగించండి. కరెంటు పోయిన ఆరు గంటల్లోపు వారు ఆ ఇంటి తలుపు తట్టాలి. అంతే. పెద్ద కమిటీ అక్కరలేదు, బ్యానరు అక్కరలేదు.

మా ఆసుపత్రి వైపు నుంచి చేయవలసినది మేమూ చెయ్యాలి. ఇన్సులిన్ సీసా చేతికిచ్చేటప్పుడు "ఫ్రిజ్‌లో పెట్టండి" అన్న మాటతో ఆపకుండా, "ఫ్రిజ్ ఆగిపోతే ఇలా చెయ్యండి" అన్న రెండో మాట కూడా చెప్పాలి. ఆ పెద్దావిడ వచ్చిన నాటి నుంచి నేను చెబుతున్నాను. చెప్పని రోజున నన్ను నిలదీసి అడిగే హక్కు మీకుంది.

ఆమె ఆ తర్వాత కూడా ఓపీకి వస్తూ ఉండేది. ఒకసారి వచ్చినప్పుడు, "సిస్టరమ్మా, ఇప్పుడు మా ఇంట్లో కుండలోపల కుండ ఉంది. మా వీధిలో ఇంకో ముగ్గురికి కూడా చూపించాను" అంది నవ్వుతూ. ఫ్రిజ్ ఆగినప్పుడు మందు పారేసిన మనిషి, మరో ముగ్గురు పారేయకుండా చేసింది.

ఈ ఆదివారం ఆరాధన నుంచి ఇంటికి వెళ్లాక, భోజనాలయ్యాక, అందరూ కూర్చుని ఆ కాగితం రాయండి. రాసి ఫ్రిజ్ తలుపు మీదే అంటించండి. కరెంటు పోయినప్పుడు మన కళ్లు ముందు అటే వెళతాయి కదా! మీ ఇంటి కాగితం పూర్తయ్యాక పక్కింటి తలుపు కూడా ఒకసారి తట్టండి.

ప్రభువు మిమ్మును, మీ గృహములను కాపాడును గాక.